ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు: ఈ జట్టును నేనెలా నడిపించాలి?

బెంగళూరు నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేర్లూ, మనుషులను గుర్తుపట్టే వివరాలూ తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగరీత్యా మారతహళ్లి ప్రాంతంలో స్థిరపడ్డారు. చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడిన ఇష్టం వదలక, కృష్ణరాజపురం దగ్గర ఒక ఖాళీ స్థలంలో ఆదివారాలు ఆడుకునేవారిని కూడగట్టి జట్టుగా నిలబెట్టారు. పన్నెండుమందిలో పదిమంది తెలుగువారు, ఇద్దరు కన్నడిగులు. ఈయన కెప్టెన్, కవర్ స్థానంలో, అంటే మూలన నిలబడే కార్నర్ ఆటగాడి పక్కన, ఆడతారు. జట్టుకు ప్రాణం అనదగిన రైడర్, అంటే ఎదుటివారి కోర్టులోకి కూతకు వెళ్లేవాడు, ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఫుడ్ డెలివరీ పని చేస్తాడు, ప్రాక్టీసుకు ఆలస్యంగా వస్తాడు, కోర్టులోకి దిగితే మాత్రం పాయింటు లేకుండా తిరిగి రావడం అరుదు. ఇదివరకటి టోర్నమెంటులో ఉత్తమ రైడర్‌గా నగదు బహుమతి కూడా అందుకున్నాడు. రైట్ కార్నర్‌లో ఆడే పెద్దాయనకు నలభై దాటాయి. మంచి జట్లకు ఆడిన అనుభవం ఉంది, క్రమశిక్షణ ఉంది, నోరు కూడా ఉంది. లెఫ్ట్ కార్నర్ అబ్బాయి నెమ్మదస్తుడు; కాలు చేతికి చిక్కితే వదలడు, కానీ ఒక మాట పడితే చాలా రోజులు ముడుచుకుపోతాడు.

గత నెల వైట్‌ఫీల్డ్ వైపు జరిగిన ఒక టోర్నమెంటు సెమీఫైనల్లో, ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు ఉండగా వీరు నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. కోర్టులో మిగిలింది ముగ్గురే: రైడర్, లెఫ్ట్ కార్నర్ అబ్బాయి, మరో కవర్ ఆటగాడు. కెప్టెన్, పెద్దాయన ఇద్దరూ అవుటై బయట కూర్చున్నారు. అవతల ఆరుగురు ఉన్నారు. కూతకు వెళ్లిన రైడర్ కాలం గడిపి తిరిగి వచ్చేయవలసింది, బోనస్ గీత దాటితే వచ్చే అదనపు పాయింటు కోసం కాలు చాపి దొరికిపోయాడు. ఆ వెంటనే వచ్చిన ప్రత్యర్థి రైడర్‌ను లెఫ్ట్ కార్నర్ అబ్బాయి చీలమండ దగ్గర పట్టబోతే పట్టు జారింది. ఆదుకోవడానికి ముందుకు దూకిన కవర్ ఆటగాడితో సహా ఇద్దరూ అవుటయ్యారు. రైడర్ దొరికినందుకు ఒకటి, ఇద్దరు అవుటైనందుకు రెండు, జట్టంతా బయటికి వెళ్లి ఆలౌటైనందుకు మరో రెండు, మొత్తం అయిదు పాయింట్లు ఎదుటివారికి వెళ్లాయి. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. అంతసేపూ పెద్దాయన బయటినుంచి "పట్టు, పట్టు" అని అరుస్తూనే ఉన్నారనీ, తమకు టైమ్ అవుట్ ఒకటి మిగిలే ఉందనీ ఉత్తరంలో ఒక మూల ఉంది.

ఆట కాగానే పెద్దాయన అందరి ముందూ ఇద్దరినీ దులిపేశారు. "నా పాయింట్లు లేకపోతే సెమీస్‌ దాకా వచ్చేవాళ్లా?" అని రైడర్ బండెక్కి వెళ్లిపోయాడు. లెఫ్ట్ కార్నర్ అబ్బాయి అప్పటినుంచి మైదానం వైపు రాలేదు. కన్నడ కుర్రాళ్లిద్దరూ వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నారు. "ఒకరిలో ఉత్సాహం నింపిన మాట ఇంకొకరికి గుచ్చుకుంటోంది. రైడర్‌ను పక్కన పెడదామా అంటే ఆటే లేదు. అన్నకు ఎదురు చెప్పే వయసు నాకు లేదు. నాకంటే బాగా ఆడేవాళ్లు జట్టులో నలుగురున్నారు, వాళ్లు నా మాట ఎందుకు వినాలి? నవంబరులో కర్ణాటక రాజ్యోత్సవ టోర్నమెంటుకు పేరివ్వాలా, లేక కెప్టెన్సీ వదులుకోవాలా?" అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. ఓటమికి కారకులని మీరు అనుకుంటున్నవారి గురించి కూడా ఒక్క చెడ్డమాట రాయలేదు. రైడర్ పని ఎంత కష్టమో, పెద్దాయన జట్టు కోసం ఎంత సమయం ఇస్తారో వివరంగా రాశారు. మనుషులను ఇలా చూడగలిగిన వ్యక్తి కెప్టెన్సీ వదులుకోవాలా అని అడగడం నాకు బాధ కలిగించింది. ఆ ప్రశ్నకు చివరికి వస్తాను.

మీరు ఈ గొడవనంతా స్వభావాల తేడాగా చూస్తున్నారు. ఒకడు దుందుడుకు, ఒకరు కోపిష్ఠి, ఒకడు సున్నితం. ఇన్ని రకాల మనుషులను ఒక్క తాటి మీదికి తేలేకపోతున్నానని మీ ఆవేదన. అయితే ఆ ఆఖరి నిమిషాన్ని మీరు రాసినట్టే మళ్లీ చదివి చూడండి. అక్కడ నాకు కనిపిస్తున్నది, స్వభావాలకంటే ఎక్కువగా, మీ జట్టు ముందే మాట్లాడుకుని తేల్చుకోని విషయాలు. నాలుగు పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు ఎలా ఆడాలన్నది మీలో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. కెప్టెన్ అవుటై బయటకు వస్తే లోపల మిగిలినవారిలో ఎవరి మాట చెల్లాలన్నది తెలియదు. బయటినుంచి ఎవరు అరవవచ్చు, ఎవరు అరవకూడదు అన్న కట్టుబాటు లేదు. ఇలా తేలకుండా వదిలేసిన ప్రతి చోటా, ఒత్తిడి రాగానే ఎవరి స్వభావం వారిని లాక్కుపోతుంది. దూకుడు గలవాడు దూకాడు. అరిచే అలవాటున్నాయన అరిచాడు. భయపడే అబ్బాయి తనను ఎక్కువగా భయపెట్టే గొంతునే విన్నాడు.

ఈ చివరి మాట మీద కొంచెం ఆగుతాను. ఆధిక్యం ఇంకా మూడు పాయింట్లుంది, లోపల ఇద్దరే ఉన్నారు, గడియారం ఎదుటివారికి ఎదురుగా తిరుగుతోంది. అటువంటప్పుడు వెనక్కి తగ్గి, మూలలకు జరిగి, ప్రత్యర్థి రైడర్‌నే లోపలికి రానిచ్చి సెకన్లు ఖర్చుపెట్టించడం ఒక దారి. ముగ్గురు లేదా అంతకంటే తక్కువమంది ఉన్నప్పుడు పట్టుకుంటే సూపర్ ట్యాకిల్ కింద రెండు పాయింట్లు వస్తాయి కాబట్టి పట్టుకు వెళ్లడమూ తప్పు కాదు. అయితే ఆ రెండింటిలో ఏదో ఒకటి కోర్టులో ఉన్న అబ్బాయి తన కళ్లెదుట ఉన్న కాలును చూసి తేల్చుకోవాలి. చీలమండ పట్టు రైడర్ కాలు నేల మీద ఊనిన క్షణంలో పడాలి, పక్కనున్న కవర్ అదే క్షణంలో మీద పడాలి. కాలు గాల్లో ఉండగా చేయి చాపితే వేళ్లకు చెమట తప్ప ఏమీ దొరకదు. బయటినుంచి వచ్చే "పట్టు" అన్న అరుపుకు ఆ క్షణం తెలియదు. ఆ అబ్బాయి కాలును చూసి కదిలాడా, గొంతును విని కదిలాడా అన్నది మీరు అతన్నే అడగండి. నా అనుమానం రెండోదే.

రైడర్ విషయంలో కూడా ఇదే చూడండి. అతను ముప్పై సెకన్లూ కూత పెట్టి వట్టి చేతులతో తిరిగి వచ్చి ఉంటే, అవతలివారికి ఒకే ఒక నిండు కూత మిగిలేది. అది అతనికి తెలియదని నేననుకోను. కానీ అంతకుముందు టోర్నమెంటులో బోనస్‌ల మీద బోనస్‌లు తెచ్చినందుకే అతనికి చప్పట్లూ, బహుమతీ వచ్చాయి. దేనికి మెచ్చుకున్నారో దాన్నే మళ్లీ చేశాడు. మీరు అప్పుడే టైమ్ అవుట్ తీసుకుని ఉంటే, దగ్గరకు పిలిచి ఒక్కమాట చెప్పడానికి వీలుండేది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. ఆ విరామం ఎప్పుడు తీసుకోవాలి, ఎవరు అడగాలి అన్నదీ మీరు ముందే అనుకోని విషయాల్లో ఒకటని చూపించడానికే చెబుతున్నాను.

కాబట్టి మనుషులను మార్చే పని కాసేపు పక్కన పెట్టి, మొదట ఆటను అందరితో కలిసి ఒకసారి చదవండి. మన ఆటలోనే ఇందుకు పనికొచ్చే నియమం ఉంది. అవుటైనవాడు తనంతట తాను తిరిగి రాలేడు; తన జట్టు ఎదుటివారిలో ఒకరిని అవుట్ చేస్తేనే ఒకరు లోపలికి వస్తారు, అదీ ముందు అవుటైనవాడు ముందు. బోనస్ పాయింటుకు ఈ వరం లేదు. బోనస్‌తో స్కోరు పెరుగుతుంది కానీ బయట కూర్చున్నవాడు బయటే ఉంటాడు. నలుగురు బయట ఉన్నప్పుడు మీ రైడర్ ఆ బోనస్ తెచ్చి ఉన్నా, మీరుగానీ పెద్దాయనగానీ కోర్టులోకి తిరిగి రాగలిగేవారు కాదు. ఈ సంగతి అందరికీ తెలిసిందే అయినా, ఓడిన ఆటను ముందు పెట్టుకుని వరుసగా ఎవరు ఎప్పుడు అవుటయ్యారు, ఎవరి పట్టుతో ఎవరు తిరిగి వచ్చారు అని ఒక కాగితం మీద రాసి చూస్తే వేరేగా అర్థమవుతుంది. రైడర్‌ను ఆ రోజు మళ్లీ మళ్లీ కోర్టులోకి తెచ్చింది లెఫ్ట్ కార్నర్ అబ్బాయి పట్లేనని తేలితే, ఆ మాట మీరు అనక్కర్లేదు, అతనే చదువుకుంటాడు. ఎవరైనా ఫోన్లో తీసిన వీడియో ఉంటే ఇంకా మంచిది.

మంచి రైడర్లున్నా ఓడిపోవడం పెద్ద జట్లకూ తప్పలేదు. 1990లో బీజింగ్‌లో కబడ్డీ ఆసియా క్రీడల్లో పతకాంశంగా చేరినప్పటినుంచి 2014 వరకు ప్రతిసారీ స్వర్ణం తెచ్చిన భారత పురుషుల జట్టు, 2018లో జకార్తాలో సెమీఫైనల్లోనే ఇరాన్ చేతిలో 18-27తో ఓడింది. పేరున్న రైడర్లకు ఆ జట్టులో లోటు లేదు. ఆ స్వర్ణం తిరిగి రావడానికి 2023 హాంగ్‌ఝౌ దాకా ఆగవలసి వచ్చింది.

ఇక మనుషుల సంగతి. నియమం అందరికీ ఒకటే ఉండాలి, చెప్పే తీరు మాత్రం మనిషికొకటి కావాలి. మీరు ఇప్పుడు దీనికి తలకిందులుగా చేస్తున్నారని నాకనిపిస్తోంది. అందరినీ నిలబెట్టి ఒకే ప్రసంగం చేస్తున్నారు, ఆలస్యం విషయంలో మాత్రం రైడర్‌కు ఒక లెక్క, మిగిలినవారికి ఒక లెక్క. జట్టులో ఎవరైనా పక్షపాతం అన్న మాట అంటే, అది అక్కడినుంచే పుట్టి ఉంటుంది.

రైడర్ ఆదివారాలు ఆలస్యంగా రావడం నిర్లక్ష్యం వల్లేనా? డెలివరీ పని చేసేవారికి ఆదివారం మధ్యాహ్నమూ, సాయంత్రమూ ఆర్డర్లు ఎక్కువగా వచ్చే వేళలు. మిగతావారికి సెలవైన రోజు అతనికి నాలుగు డబ్బులు వచ్చే రోజు. ఇది పెద్దాయనకు తెలుసా? కనీసం రైడర్ నోటితో మీరైనా విన్నారా? వినండి, ఆ తర్వాత మీ ముందు దారులు కొన్నున్నాయి. అతన్ని ఒక ఆట పక్కన కూర్చోబెట్టవచ్చు. కానీ ఓటమి తర్వాత తీసుకునే ఆ చర్య శిక్షగా కనిపిస్తుంది, అటువంటి రైడర్‌ను చుట్టుపక్కల జట్లు ఆ సాయంత్రమే పిలుచుకుంటాయి. వారంలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ప్రాక్టీసు పెట్టవచ్చు. ఆ వేళకు రింగ్‌రోడ్డు ఖాళీగా ఉంటుంది, అతనికి సంపాదన పోదు, పెద్దాయన సంతోషిస్తారు. రాత్రి షిఫ్టులు చేసే ఐటీ కుర్రాళ్లు మాత్రం సణుగుతారు, ఒకరిద్దరు రాకపోవచ్చు. మూడో దారి, ప్రాక్టీసుకు రానివారు, ఎవరైనా సరే, మొదటి సగం బయట కూర్చోవాలని ఈ రోజే నియమం పెట్టి నవంబరునుంచి అమలు చేయడం. అప్పుడు అది ఎవరి మీదా గురిపెట్టినట్టు ఉండదు. అయితే ఆ నియమం మొదట మీ రైడర్‌కే తగిలితే, ఓడిపోయే అవకాశం ఉన్నా మీరు వెనక్కి తగ్గకూడదు. అంత నిబ్బరం లేదనుకుంటే ఆ నియమం పెట్టకండి. నన్నడిగితే వేళ మార్చి, ఆ మీదట నియమం పెట్టడం న్యాయం. రాలేని వేళ పెట్టి రాలేదని శిక్షించడం న్యాయం కాదు.

బహుమతి డబ్బును ఉమ్మడి నిధిలో వేయించాలన్న సలహా మీ జట్టులో వచ్చిందని రాశారు. జట్టులో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్న కుర్రాడి జేబులోంచి తీయడం నాకు ఇష్టం లేదు. దానికి బదులు మీరే ఒక చిన్న ఏర్పాటు చేయండి. ప్రతి ఆట తర్వాత, ఎవరి పట్టు లేదా ఎవరి నిదానం వల్ల జట్టు నిలబడిందో ఇద్దరి పేర్లు చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. "బాగా ఆడావు" అనకుండా, "రెండో సగంలో మన ఆధిక్యం రెండుకు పడిపోయినప్పుడు నువ్వు పూర్తి ముప్పై సెకన్లు తినేశావు" అనండి. మీ రైడర్ వట్టి చేతులతో తిరిగి వచ్చినందుకు కూడా చప్పట్లు వినాలి. ఆ చప్పుడు అతని చెవికి అలవాటు కావడానికి కొన్ని నెలలు పడుతుంది.

పెద్దాయన విషయం ఇంతకంటే కష్టం, ఎందుకంటే మీరు ఆయనను "అన్నా" అంటారు. మన మధ్య ఆ పిలుపుతోనే సగం అధికారం చేతులు మారిపోతుంది. ఆయనను నలుగురిలో తప్పుపట్టడం కుదరదు, పట్టకూడదు కూడా. కానీ ఒంటరిగా కూర్చున్నప్పుడు కూడా చెప్పకపోవడాన్ని గౌరవం అనలేం, మొహమాటం అనాలి. ఆయన ఇంటికి వెళ్లండి, లేదా ఆట లేని రోజు టీ తాగడానికి పిలవండి. ఫోన్లో వద్దు, గ్రూపులో అసలే వద్దు. ఆ అబ్బాయి కోసం సాయం అడుగుతున్నట్టు మొదలుపెట్టండి, ఎందుకంటే మీరు నిజంగానే సాయం అడుగుతున్నారు. "అన్నా, వాడికి మీరంటే ఎంత భయమంటే మీ గొంతు వినపడగానే రైడర్ కాలు చూడడం మానేస్తున్నాడు. కోర్టు బయట ఉన్నప్పుడు మీరు ఏమీ అనకండి. టైమ్ అవుట్‌లో మాత్రం మీరే చెప్పండి, మేం వింటాం" అని చెప్పి చూడండి. మొదట ఆయనకు కోపం రావచ్చు. "ఇన్నేళ్లు ఆడినవాణ్ని, నాకు చెబుతావా" అనవచ్చు. అప్పుడు వాదించకండి, ఒక వారం వదిలేయండి. అనుభవం ఉన్నవారికి మాట నాటుకోవడానికి ఏకాంతం కావాలి.

ఆయనను కోచ్‌గా నిలబెట్టే ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. ఆయన అరుపుకు ఒక చోటూ, ఒక వేళా దొరుకుతాయి, కుర్రాళ్లకు నేర్చుకోవడానికి మనిషి దొరుకుతాడు. కానీ నలభై దాటినవారికి "మీరిక బయట ఉండండి" అన్న మాట ఎలా తగులుతుందో ఊహించండి. ఆయనలో ఇంకా ఆడాలన్న కోరిక బలంగా ఉంటే, కోచ్ పదవి మర్యాదగా బయటికి పంపడంలా కనిపిస్తుంది. ముందు ఆయన మనసులో ఏముందో అడిగి, ఆడుతూనే డిఫెండర్ల సాధన బాధ్యత తీసుకుంటారా అని చూడండి. ఇద్దరు చేయీ చేయీ కలిపి చైన్ ఎలా పట్టాలి, ఎప్పుడు తొందరపడకూడదు అన్నది ఆయనకంటే బాగా నేర్పేవారు మీ జట్టులో లేరని మీరే రాశారు.

లెఫ్ట్ కార్నర్ అబ్బాయి దగ్గరకు మీరే వెళ్లండి. "జరిగింది మరచిపో" అనకండి. అతను మరచిపోలేకే ఇంట్లో కూర్చున్నాడు. ఆ పట్టు గురించే మాట్లాడండి. కాలు ఎక్కడుంది, కవర్ ఎంత దూరంలో ఉన్నాడు, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తాడు అని అడగండి. తప్పు మొత్తం తనది కాదని, ఆదుకోవడంలో ఆలస్యం కూడా ఉందని అతనికి లెక్కతో తెలియాలి. ఆ తర్వాత ప్రతి సాధనలో చివరి పావుగంట, అతను పట్టాలి, మీ రైడర్ తప్పించుకోవాలి, అంతే. ఇద్దరికీ ఇందులో లాభం ఉంది కాబట్టి రాజీ మాటలు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఒక ప్రమాదం ఉంది. రైడర్ మొదటి రోజుల్లో అతన్ని ఆటపట్టిస్తే ఆ అబ్బాయి పూర్తిగా మానేయవచ్చు. మొదటి రెండుసార్లు మీరు పక్కనే ఉండండి. అతను రానంటే బలవంతపెట్టకండి; తలుపు తెరిచే ఉందని చెప్పి రండి.

కన్నడ కుర్రాళ్లు గ్రూపులోంచి ఎందుకు వెళ్లారో మీరు కారణం రాయలేదు. గ్రూపులో మాటలన్నీ తెలుగులో, జిల్లాల హాస్యాలతో సాగుతాయని మాత్రం రాశారు. కారణం అదే కావచ్చు. వారి ఊళ్లో ఆడుతూ వారిని పరాయివాళ్లను చేయడం బాగుండదు. కోర్టులో పిలుపులు కన్నడంలో పెట్టుకోండి, పదిమందీ నాలుగు మాటలు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. మీరు స్వయంగా వెళ్లి పిలిస్తే బహుశా వస్తారు.

మీకంటే బాగా ఆడేవారు మీ మాట ఎందుకు వినాలని అడిగారు. 2019 జనవరిలో బెంగళూరు బుల్స్ మొదటిసారి ప్రో కబడ్డీ టైటిల్ గెలిచినప్పుడు, గుజరాత్‌తో జరిగిన ఫైనల్లో పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చాడు. ఆ జట్టుకు కెప్టెన్ పవన్ కాదు, రోహిత్ కుమార్. అతనూ రైడరే. తన పక్కన తనకంటే వేగంగా ఆడుతున్నవాడు ఉండగా కూడా కెప్టెన్‌గా ఉండడం అవమానం కాదు. మీ జట్టులో మీరు చేయగలిగిన పని, కోర్టులో ఎవరూ గమనించనిదాన్ని గమనించడం. నాకు రాసిన ఉత్తరంలో ఆ పని మీరు బాగానే చేశారు.

అయినా వదులుకోవాలనిపిస్తే, వదులుకోవచ్చు, అందులో తప్పు లేదు. కానీ మీ తర్వాత సహజంగా పగ్గాలు పెద్దాయన చేతికి వెళ్తాయి. అప్పుడు రైడర్ ఎన్ని వారాలు ఉంటాడో, ఆ అబ్బాయి తిరిగి వస్తాడో లేదో మీకే తెలుసు. రెండో మార్గం, బాధ్యతను పంచడం: మైదానం బయటి పనులు, అంటే డబ్బు, ప్రయాణం, సమయాలు, మీరు చూసుకుని, మీరు అవుటైనప్పుడు కోర్టు లోపలి నిర్ణయాలు ఎవరివో పేరు పెట్టి అప్పగించడం. ఆ పేరు రైడర్‌దే అయితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. బాధ్యత మీద పడితే నిలకడ వచ్చే కుర్రాళ్లున్నారు, తల తిరిగేవాళ్లూ ఉన్నారు. నవంబరులో కాదు, ఒక స్నేహపూర్వక ఆటలో ఇచ్చి చూడండి.

రాజ్యోత్సవ టోర్నమెంటుకు పేరివ్వాలా అన్నది మీరు ఈ వారంలోనే తేల్చుకోవాలి. ఎంట్రీ ఫీజు కట్టే ముందు పెద్దాయనతో ఏకాంతంగా ఒకసారి, రైడర్‌తో ఒకసారి మాట్లాడండి, ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి రండి. ఆ మీదట అందరినీ కూర్చోబెట్టి మూడే మూడు విషయాలు తేల్చండి: ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి మూడు నిమిషాలు ఎలా ఆడాలి, మీరు అవుటైతే ఎవరి మాట, టైమ్ అవుట్ ఎవరు అడగాలి. తొమ్మిదిమందైనా వచ్చి వీటికి ఒప్పుకుంటే ఫీజు కట్టండి. రాకపోతే నవంబరు వదిలేసి, ఉన్నవారితో పొద్దుటి ప్రాక్టీసు కొనసాగించి, ఉగాదికి జరిగే ఆటలకు సిద్ధం కండి.